బిజినెస్ క్రెడిట్ కార్డు: చిన్న సంస్థల యజమానులు సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి ఏంటి?

‘‘సార్, మీ కరెంట్ అకౌంట్ మీద బిజినెస్ క్రెడిట్ కార్డు ప్రీ అప్రూవ్ అయ్యింది. డాక్యుమెంట్లేమీ అక్కర్లేదు, ఒక్క ఓటీపీ చెబితే చాలు.’’

కరెంట్ అకౌంట్ ఉన్నవాళ్లు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లలో ఈ మాటలు వినని వారు తక్కువే. కిరాణా హోల్‌సేల్ వ్యాపారి, ఫ్యాబ్రికేషన్ షెడ్డు, డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ, కర్రీ పాయింట్... అందరికీ ఈ ఫోన్లు వస్తూనే ఉంటాయి. (ఫోన్‌లో ఓటీపీ అడిగితే అది మోసం కావచ్చు. ఎవరికీ చెప్పొద్దు. ఆ విషయం చివర్లో చూద్దాం.)

ప్రభుత్వం కూడా ఇదే దారిలో ఆలోచిస్తోంది. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ సంస్థలకు రూ.5 లక్షల పరిమితితో ప్రత్యేక క్రెడిట్ కార్డులు ఇస్తామని, తొలి ఏడాదే 10 లక్షల కార్డులు జారీ చేస్తామని ప్రకటించారు.

చిన్న వ్యాపారికి అప్పు సులువుగా దొరకడం మంచిదే. కానీ బ్యాంకు రుణం తీసుకునేటప్పుడు పది కాగితాలు చదివే వ్యాపారి, కార్డు తీసుకునేటప్పుడు ఒక్కటీ చదవరు. నిజానికి రెండింటిలో ఖరీదైన అప్పు కార్డే. దీనిలో ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

మామూలు కార్డుకు, బిజినెస్ కార్డుకు తేడా ఏంటి?

చేతిలో పట్టుకుంటే రెండూ ఒకటే. తేడా అంతా నిబంధనల్లో ఉంటుంది.

రిజర్వ్ బ్యాంకు 2022లో తెచ్చిన క్రెడిట్, డెబిట్ కార్డుల నిబంధనల ప్రకారం, బిజినెస్ కార్డును వ్యాపార ఖర్చుల కోసం సంస్థలకు గానీ వ్యక్తులకు గానీ ఇవ్వొచ్చు. ఇవి స్థూలంగా మూడు రకాలు. మొదటిది, సాధారణ క్రెడిట్ కార్డులా కనీస మొత్తం కట్టి మిగతాది తర్వాతి నెలకు మోసుకెళ్లగలిగేది. రెండోది, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టి తీరాల్సిన చార్జ్ కార్డు. మూడోది, మీకు ఇప్పటికే ఉన్న ఓవర్‌డ్రాఫ్ట్ లేదా క్యాష్ క్రెడిట్ ఖాతాకు జోడించి ఇచ్చే కార్డు.

వీటి వడ్డీల మధ్య తేడా చాలా ఎక్కువ. కాబట్టి కార్డు ఆఫర్ వస్తే మొదట అడగాల్సిన ప్రశ్న ‘‘లిమిట్ ఎంత?’’ కాదు. ‘‘ఇది ఏ రకం కార్డు?’’ అని.

ఇంకో తేడా కూడా ఉంది. బిల్లు వచ్చాక, వడ్డీ పడకముందు, కట్టడానికి కార్డుదారుకు కనీసం రెండు వారాల గడువు ఇవ్వాలని ఆర్‌బీఐ చెబుతోంది. అయితే బాధ్యత పూర్తిగా సంస్థదే అయిన బిజినెస్ కార్డుల విషయంలో చెల్లింపు గడువు, రీఫండ్ సర్దుబాటు గడువు బ్యాంకుకు, సంస్థకు మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం ఉండొచ్చు. అంటే మీ సొంత కార్డు మీద మీకు అలవాటైన గడువులే ఇక్కడా ఉంటాయని అనుకోకూడదు. ఒప్పందంలో ఏం రాసి ఉందో అదే లెక్క.

కంపెనీ పేరు మీద అప్పు చేస్తే, కట్టాల్సింది కంపెనీయే కదా?

చిన్న సంస్థల యజమానులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

మీది ప్రొప్రైటర్‌షిప్ అయితే చట్టం దృష్టిలో మీరు, మీ షాపు ఒక్కటే. బోర్డు మీద ఏ పేరున్నా అప్పు మీదే. వ్యాపారం మూతపడినా బాకీ మీ ఇంటి దాకా వస్తుంది. మీది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే, ఒక భాగస్వామి ఫర్మ్ తరఫున చేసిన అప్పుకు మిగతా భాగస్వాములు కూడా తమ సొంత ఆస్తులతో సహా బాధ్యులే. ఇద్దరు స్నేహితులు కలిసి పెట్టిన వ్యాపారంలో ఒకరి దగ్గర కార్డు ఉండి, రెండో వారు స్టేట్‌మెంట్ కూడా చూడకపోతే, గొడవ ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే వేరే కదా అంటారా? సూత్రం ప్రకారం కంపెనీ వేరు, డైరెక్టర్లు వేరు. కానీ పెద్దగా చరిత్ర లేని చిన్న కంపెనీకి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకులు సాధారణంగా డైరెక్టర్ల వ్యక్తిగత హామీ తీసుకుంటాయి. దరఖాస్తు పత్రాల మధ్యలో ఎక్కడో ఆ ఒక్క సంతకం ఉంటుంది. అది పెట్టాక ‘లిమిటెడ్’ అన్న మాటకు ఆ అప్పు వరకు విలువ లేనట్టే. కంపెనీ కట్టకపోతే మీరు కట్టాలి.

అందుకే సంతకానికి ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. బాధ్యత కంపెనీ ఒక్కదానిదేనా, లేక మీ వ్యక్తిగత హామీ కూడా ఉందా? ఉంటే, మీరు డైరెక్టర్‌గా తప్పుకున్నాక ఆ హామీ రద్దవుతుందా? రాజీనామా చేసినంత మాత్రాన హామీ దానంతట అదే పోదు. బ్యాంకు నుంచి విడుదల పత్రం తీసుకోవాలి.

వడ్డీ నిజంగా ఎంత పడుతుంది?

క్రెడిట్ కార్డుల మీద చాలా బ్యాంకులు నెలకు 3.5 శాతం, ఆ పైన వడ్డీ వేస్తున్నాయి. చూడ్డానికి చిన్న అంకె. ఏడాదికి లెక్కేస్తే 42 శాతం. దీని మీద 18 శాతం జీఎస్టీ అదనం. మామూలు బ్యాంకు రుణం వడ్డీ మీద జీఎస్టీ ఉండదు, కార్డు వడ్డీ మీద ఉంటుంది.

ఈ వడ్డీకి పైపరిమితి కూడా లేదు. 30 శాతానికి మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది.

ఒక ఉదాహరణ చూద్దాం. జీడిమెట్లలో చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉందనుకుందాం. ఒక ఆర్డరు కోసం జూన్ 5న కార్డు మీద రూ.3 లక్షల స్టీలు కొన్నారు. జూన్ 20న బిల్లు వచ్చింది. జులై 8 లోపు కట్టాలి. సరుకు తీసుకున్న కంపెనీ నెల రోజుల్లో డబ్బు ఇస్తానంది కాబట్టి జులై 5కి చేతికి వస్తుందని యజమాని ధైర్యం.

డబ్బు రాలేదు. ‘‘అకౌంట్స్ వాళ్లు లీవులో ఉన్నారు’’, ‘‘వచ్చే వారం పక్కా’’ అంటూ ఆగస్టు 19న వచ్చింది. ఈలోగా యజమాని జులై 8న కనీస మొత్తం కింద 5 శాతం, అంటే రూ.15 వేలు కట్టారు. ఆయన దృష్టిలో కార్డు ‘రెగ్యులర్’గానే ఉంది.

కానీ బిల్లు మొత్తం కట్టకపోతే వడ్డీ లేని గడువు పోతుంది. మిగిలిన రూ.2.85 లక్షల మీద వడ్డీ జులై 8 నుంచి కాదు, కొన్న రోజు జూన్ 5 నుంచే లెక్కేస్తారు. 75 రోజులకు వడ్డీ సుమారు రూ.24,600, దాని మీద జీఎస్టీ రూ.4,400. కలిపి రూ.29 వేలు. (మధ్యలో కట్టే రెండో నెల కనీస మొత్తాన్ని పక్కన పెట్టి చూస్తే ఇదీ లెక్క. అది కట్టడం మరిచిపోతే లేట్ ఫీజు అదనం.) బాకీ ఉన్నన్నాళ్లు అదే కార్డు మీద చేసే కొత్త కొనుగోళ్లకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ.

ఆ ఆర్డరులో యజమానికి మిగిలేది రూ.40 వేలు అనుకుంటే, అందులో దాదాపు మూడొంతులు కార్డుకే పోయింది. కార్డు మీద ఒక శాతం రివార్డు వచ్చిందనుకున్నా అది రూ.3 వేలే.

ఇదే రూ.2.85 లక్షలు 12 శాతం వడ్డీ ఉన్న క్యాష్ క్రెడిట్ ఖాతా నుంచి వాడి ఉంటే 75 రోజులకు వడ్డీ రూ.7 వేలు అయ్యేది.

చిన్న సంస్థలకు కార్డుతో వచ్చే అసలు చిక్కు ఇదే. కార్డు బిల్లు తేదీ మారదు. మీకు రావాల్సిన డబ్బు తేదీ మాత్రం రోజూ మారుతుంది. వచ్చే డబ్బు మన చేతిలో లేనప్పుడు, కట్టాల్సిన తేదీ ఇంకొకరి చేతిలో పెట్టడం ప్రమాదం.

కనీస మొత్తం కడుతూ పోతే?

లక్ష రూపాయల బాకీ మీద నెలకు వడ్డీ రూ.3,500, జీఎస్టీ రూ.630. మీరు రూ.5 వేలు కడితే అసలులోకి పోయేది రూ.870. ఏడాదంతా ఇలాగే కట్టినా అసలు పెద్దగా తగ్గదు.

వడ్డీ, చార్జీలు, పన్నులకు కూడా సరిపోనంత తక్కువగా కనీస మొత్తం పెట్టి బాకీ పెరిగిపోయేలా చేయకూడదని, కట్టని చార్జీలను అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వేయకూడదని ఆర్‌బీఐ నిబంధనలు చెబుతున్నాయి. అంటే అప్పు పెరగకుండా రక్షణ ఉంది. తగ్గేలా చూసుకోవడం మాత్రం మీ పనే.

ఏటీఎంలో నగదు తీయడం ఇంకా ఖరీదు. సాధారణంగా 2.5 శాతం ఫీజు, దాని మీద జీఎస్టీ, తీసిన రోజు నుంచే వడ్డీ. కూలీల జీతాలకని రూ.50 వేలు తీసి నెల తర్వాత కడితే అదనంగా సుమారు రూ.3,500 సమర్పించుకున్నట్టే.

ఉద్యోగుల చేతిలో కార్డు పెడితే?

బిజినెస్ కార్డుకు అనుబంధంగా యాడ్ ఆన్ కార్డులు తీసుకునే వీలుంది. డెలివరీ వ్యాన్ డ్రైవరుకు డీజిల్ కోసం ఒకటి, కొనుగోళ్లు చూసే కుర్రాడికి ఒకటి. సౌకర్యమే. కానీ వాటి మీద పడే ప్రతి రూపాయికీ బాధ్యత ప్రధాన కార్డు తీసుకున్న వారిదే.

బయటి మోసగాడు మీ కార్డు వాడితే మీకు రక్షణ ఉంది. 2017లో ఆర్‌బీఐ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు మీది గానీ బ్యాంకుది గానీ కాకుండా వ్యవస్థలో ఇంకెక్కడో జరిగిన మోసాన్ని, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే, రూ.5 లక్షల వరకు పరిమితి ఉన్న కార్డులకు గరిష్ఠంగా రూ.10 వేలు, ఆ పైన పరిమితి ఉన్నవాటికి రూ.25 వేలు మీరు భరించాలి. తప్పు బ్యాంకుదే అయితే ఎప్పుడు చెప్పినా భారం మీది కాదు.

కానీ మీరే కార్డు, పిన్ ఇచ్చిన ఉద్యోగి వాడుకుంటే? బ్యాంకు దాన్ని మోసంగా చూడదు. కార్డు వివరాలు పంచుకోవడం మీ నిర్లక్ష్యం కిందకు వస్తుంది. మీరు బ్యాంకుకు చెప్పే క్షణం దాకా జరిగిన నష్టం మీదే. ఆ డబ్బు ఉద్యోగి నుంచి రాబట్టుకోవడం మీకు, అతనికి మధ్య విషయం.

చాలా ఆఫీసుల్లో జరిగేది యాడ్ ఆన్ కూడా కాదు. యజమాని కార్డు నంబరు, సీవీవీ వాట్సాప్‌లో అకౌంటెంట్‌కు పంపిస్తారు. ఓటీపీ ఫోన్ చేసి చెబుతారు. అకౌంటెంట్ ఉద్యోగం మానేసినా ఆ మెసేజ్ ఆయన ఫోన్‌లోనే ఉంటుంది. ప్రకటనల ఖాతాలు, క్లౌడ్ సేవలు, సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు ఆ కార్డుకే ముడిపడి ఉంటాయి. వాటి పాస్‌వర్డులూ ఆయన దగ్గరే.

చేయాల్సిన పని కష్టమేమీ కాదు. ప్రతి యాడ్ ఆన్ కార్డుకు విడిగా పరిమితి పెట్టమని బ్యాంకును అడగండి. ఆన్‌లైన్, అంతర్జాతీయ, కాంటాక్ట్‌లెస్ వాడకాన్ని విడివిడిగా ఆపే, పరిమితి పెట్టే సదుపాయం యాప్‌లోనే ఉండాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. డీజిల్ కార్డుకు ఆన్‌లైన్ వాడకం ఎందుకు? ఆపేయండి. ఉద్యోగి మానేసిన రోజే కార్డు బ్లాక్ చేయించండి. మెసేజ్ అలర్టులు యజమాని ఫోన్‌కే రావాలి.

సప్లయర్‌కు, అద్దెకు కార్డుతో కట్టొచ్చా?

కార్డు తీసుకునే సప్లయర్‌కు నేరుగా కట్టడంలో తప్పు లేదు. కానీ చాలామంది హోల్‌సేలర్లు కార్డు అంటే 2 శాతం అదనం అంటారు. ఆ 2 శాతం మీ రివార్డును మించిపోతుంది.

కార్డు తీసుకోని వారికి మధ్యవర్తి యాప్‌ల ద్వారా కట్టే పద్ధతి కొంతకాలం బాగా నడిచింది. మీరు కార్డుతో మధ్యవర్తికి కడితే, అతను సప్లయర్ బ్యాంకు ఖాతాకు నెఫ్ట్, ఐఎంపీఎస్‌లో పంపేవాడు. 2024 ఫిబ్రవరిలో ఆర్‌బీఐ ఇలాంటి ఒక ఏర్పాటును ఆపమని ఒక కార్డు నెట్‌వర్క్‌ను ఆదేశించింది. దానికి చట్టప్రకారం అనుమతి తీసుకోలేదని, డబ్బు పంపేవారి, అందుకునేవారి వివరాల విషయంలో నిబంధనలు పాటించలేదని కారణం చెప్పింది. బిజినెస్ కార్డుల మామూలు వాడకంపై ఆంక్షలు లేవని కూడా స్పష్టం చేసింది. 2025 సెప్టెంబరులో పేమెంట్ అగ్రిగేటర్లకు కొత్త నిబంధనలు వచ్చాక ప్రముఖ యాప్‌లు క్రెడిట్ కార్డుతో అద్దె కట్టే సేవను ఆపేశాయి.

ఈ రెండు సంఘటనలు నేర్పే పాఠం ఒకటే. ఈ నెల అద్దె, సప్లయర్ బాకీ కార్డు మీదే వెళ్లిపోతాయన్న నమ్మకంతో నగదు ప్రణాళిక వేసుకుంటే, ఆ దారి ఒక్క రోజులో మూసుకుపోవచ్చు.

ఇక మూడో దారి ఉంది. తెలిసిన షాపులో, లేదా సొంత స్వైపింగ్ మెషిన్ మీదే కార్డు గీకి, కమీషన్ పోను నగదు తీసుకోవడం. అమ్మకం లేకుండా అమ్మకం చూపించడం ఇది. బిజినెస్ కార్డుల డబ్బు ఎక్కడికి పోతుందో గమనించే వ్యవస్థ పెట్టుకోవాలని బ్యాంకులకు ఆర్‌బీఐ ఆదేశం ఉంది. పట్టుబడితే కార్డు, మెషిన్ రెండూ పోతాయి. జీఎస్టీలో లేని అమ్మకం మెషిన్‌లో ఎందుకు కనిపిస్తోందో చెప్పుకోవాల్సి వస్తుంది. ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డు గీకే దాకా వస్తే, అది కమీషన్ల రూపంలో నెలనెలా పెరిగే గొయ్యి.

సొంత కార్డునే వ్యాపారానికి వాడితే ఇబ్బందేంటి?

కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే. దీనిలో మూడు చిక్కులున్నాయి.

ఒకటి, ఆదాయపు పన్ను. ఒక ఆర్థిక సంవత్సరంలో మీ క్రెడిట్ కార్డు బిల్లుల కింద రూ.10 లక్షలు, ఆ పైన కడితే (నగదుగా అయితే రూ.లక్ష నుంచే) బ్యాంకు ఆ సమాచారాన్ని ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. రిటర్నులో రూ.6 లక్షల ఆదాయం చూపి, కార్డు మీద రూ.14 లక్షలు కట్టి ఉంటే ప్రశ్న వస్తుంది. సరుకు కొన్న బిల్లులు ఉంటే జవాబు చెప్పొచ్చు. లేకపోతే కష్టం.

రెండు, జీఎస్టీ. కార్డు స్టేట్‌మెంట్ ఇన్‌వాయిస్ కాదు. మీ జీఎస్టీ నంబరుతో ట్యాక్స్ ఇన్‌వాయిస్ లేకపోతే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. ఆన్‌లైన్‌లో సొంత పేరుతో కొన్న ప్రింటర్ మీద కట్టిన 18 శాతం వదులుకున్నట్టే. కార్డు ఫీజులు, వడ్డీ మీద పడే జీఎస్టీకి కూడా బ్యాంకు దగ్గర మీ జీఎస్టీ నంబరు నమోదై ఉండాలి.

మూడు, లెక్కలు. ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు, స్టీలు బిల్లు ఒకే స్టేట్‌మెంట్‌లో ఉంటే, ఏ వడ్డీ వ్యాపారానిదో, ఏది ఇంటిదో ఎవరూ తేల్చలేరు. కంపెనీ అయితే ఇది ఇంకా ఇబ్బంది. కంపెనీ కార్డు మీద ఇంటి ఖర్చు పెట్టడమంటే కంపెనీ డబ్బు మీరు వాడుకున్నట్టు. ఆడిటర్ అడిగితే తిరిగి కట్టాల్సిందే.

సిబిల్ స్కోరు మీద ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. ప్రొప్రైటర్‌షిప్‌లో, వ్యక్తిగత హామీ ఉన్న కంపెనీలో కార్డు బాకీ మీ సొంత క్రెడిట్ రిపోర్టుకు ఎక్కే అవకాశం ఉంది. రేపు ఇంటి రుణానికి వెళ్లినప్పుడు, రెండేళ్ల కిందట షాపు కార్డు మీద కట్టని రూ.8 వేలు అడ్డం పడుతుంది. కంపెనీలకు విడిగా సిబిల్ 1 నుంచి 10 వరకు ర్యాంకు కూడా ఇస్తుంది. ఇక్కడ 1 మంచిది, 10 ప్రమాదకరం.

2025 జనవరి నుంచి బ్యాంకులు క్రెడిట్ సమాచారాన్ని కనీసం 15 రోజులకోసారి పంపాలి. అంటే ఆలస్యం త్వరగా నమోదవుతుంది. ఊరట ఏమిటంటే, గడువు దాటి మూడు రోజులకు మించి కట్టకపోతేనే కార్డు ఖాతాను ఆలస్యంగా నమోదు చేయాలి, లేట్ ఫీజు వేయాలి. గడువు రోజున సర్వర్ పనిచేయక మర్నాడు కట్టినవాళ్లు ఈ నిబంధన గుర్తు పెట్టుకోవాలి.

లిమిట్‌లో ఎప్పుడూ 90 శాతం వాడుతూ ఉంటే, సమయానికి కట్టినా స్కోరు తగ్గొచ్చు. రుణం ఇచ్చేవాళ్లు దాన్ని నగదు కొరతకు గుర్తుగా చూస్తారు.

రూ.5 లక్షల కార్డుకు ఉద్యమ్ కావాలంటున్నారు. అదేంటి?

ఉద్యమ్ అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కేంద్ర నమోదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రూ.2.5 కోట్లు, టర్నోవరు రూ.10 కోట్లు మించని సంస్థలు సూక్ష్మ సంస్థలు. ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. ఇది పూర్తిగా ఉచితం. రూ.2 వేలు, రూ.3 వేలు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

‘ప్రభుత్వ కార్డు’ అన్న మాట విని అది సబ్సిడీ అని పొరబడొద్దు. కార్డు ఎవరిచ్చినా వాడుకున్నది అప్పే. వడ్డీ ఎంతో, గడువు ఎన్ని రోజులో, హామీ ఎవరిదో అదే ప్రశ్నలు అక్కడా అడగాలి. వీధి వ్యాపారులకు కూడా ఇదే వర్తిస్తుంది. పీఎం స్వనిధి కింద రెండో విడత రుణం తీర్చినవారికి యూపీఐతో పనిచేసే రూపే క్రెడిట్ కార్డు ఇచ్చేలా 2025లో ఆ పథకాన్ని మార్చారు.

కార్డు కాకపోతే వేరే దారి ఏముంది?

కార్డుకు వెళ్లే ముందు ఇవి అడిగి చూడండి.

• క్యాష్ క్రెడిట్, ఓవర్‌డ్రాఫ్ట్: వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ. సూక్ష్మ, చిన్న సంస్థలకు నిర్ణీత పరిమితి వరకు రుణాలకు బ్యాంకులు తాకట్టు అడగకూడదు.

• ముద్ర రుణం: ఇప్పుడు పరిమితి రూ.20 లక్షల వరకు ఉంది. రూ.10 లక్షలు దాటి ఇచ్చే ‘తరుణ్ ప్లస్’, గతంలో తరుణ్ రుణం తీసుకుని తీర్చినవారికి.

• ట్రెడ్స్: పెద్ద కంపెనీకి సరుకు ఇచ్చి డబ్బు కోసం ఎదురుచూస్తుంటే, ఆ ఇన్‌వాయిస్‌ను ఈ వేదిక మీద పెట్టి ముందే డబ్బు తీసుకోవచ్చు. టర్నోవరు రూ.250 కోట్లు దాటిన కంపెనీలు ఇందులో నమోదు కావాలని నిబంధన. మీ కొనుగోలుదారు ఉన్నారేమో అడగండి.

• ఆలస్యానికి వడ్డీ: ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి. ఇవ్వకపోతే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. అయితే ఈ రక్షణ తయారీ, సేవల సంస్థలకే. హోల్‌సేల్, రిటైల్ వ్యాపారులకు ఉద్యమ్ వల్ల దక్కేది ప్రాధాన్య రంగ రుణం ప్రయోజనమే.

జీడిమెట్ల ఉదాహరణకు మళ్లీ వస్తే, ఆ యజమాని ఫిర్యాదు చేయగలరు. కానీ చేస్తారా? ఆ కొనుగోలుదారు ఇచ్చే తర్వాతి ఆర్డరు పోతుందని చాలామంది చేయరు. అందుకే ఆలస్యం భారం చివరికి వారి కార్డు మీద పడుతోంది. కార్డుల గురించి మాట్లాడేటప్పుడు దీన్ని మరిచిపోకూడదు. కొనుగోలుదారు సమయానికి కట్టి ఉంటే, ఆ రూ.3 లక్షల మీద ఒక్క రూపాయి వడ్డీ పడేది కాదు.

బ్యాంకుతో గొడవ వస్తే ఎక్కడికి వెళ్లాలి?

అడగకుండా కార్డు పంపకూడదు. పంపి, బిల్లు కూడా వేస్తే చార్జీలు వెనక్కి తీసుకోవడమే కాక, ఆ మొత్తానికి రెండింతలు జరిమానాగా మీకు కట్టాలి. 30 రోజులు దాటినా మీరు యాక్టివేట్ చేయని కార్డును మీ ఓటీపీ సమ్మతి లేకుండా యాక్టివేట్ చేయకూడదు. బాకీ లేని కార్డును మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలి. లేదంటే రోజుకు రూ.500 మీకు ఇవ్వాలి. మీ స్పష్టమైన అనుమతి లేకుండా లిమిట్ దాటి వాడనివ్వకూడదు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

ఫిర్యాదు మొదట బ్యాంకుకే రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సమాచారం కోసం 14448 నంబరు ఉంది. డబ్బు పోయిన మోసమైతే ముందు బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించి, వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వినియోగదారుల కమిషన్ విషయంలో ఒక మెలిక ఉంది. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ తీసుకున్నవారు చట్టం ప్రకారం ‘వినియోగదారులు’ కారు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమైతే మినహాయింపు ఉంది. నలుగురు ఉద్యోగులున్న కంపెనీ బిజినెస్ కార్డు మీద కేసు వేస్తే, మీరు వినియోగదారే కాదని బ్యాంకు వాదించొచ్చు. సొంత కార్డుకు ఉన్న ఒక దారి ఇక్కడ ఇరుకవుతుంది.

అయితే కార్డు తీసుకోవద్దా?

అలాగని కాదు. బిల్లు మొత్తం గడువులోగా కట్టగలిగే సంస్థకు కార్డు ఉపయోగమే. నెల రోజులకు పైగా వడ్డీ లేని డబ్బు, ఖర్చులన్నీ ఒకేచోట కనిపించే స్టేట్‌మెంట్, నగదు చేతులు మారే బెడద లేకపోవడం చిన్న విషయాలు కావు.

ఒక్క పరీక్ష పెట్టుకోండి. వచ్చే నెల మీకు రావాల్సిన డబ్బు ఏదీ రాకపోయినా, ఖాతాలో ఉన్న సొమ్ముతో కార్డు బిల్లు మొత్తం కట్టగలరా? కట్టగలిగినంతే కార్డు మీద వాడండి. ఇంటర్నెట్ బిల్లు, డీజిల్, సాఫ్ట్‌వేర్, ప్రయాణ టికెట్ల లాంటివి దానికి సరిపోతాయి. సరుకు, జీతాలు, యంత్రాలు అలాంటివి కావు. వాటికి బ్యాంకు రుణమే సరైనది.

బ్యాంకు ఇచ్చిన లిమిట్ రూ.5 లక్షలు కావచ్చు. మీ లిమిట్ మాత్రం మీ ఖాతాలో ఉన్న డబ్బే.